ఆఫీసు డేటా ఎంట్రీ ఫారాన్ని స్టెప్పులుగా ఎలా కట్టాలి: ముందు కాగితాల కట్ట చూడండి

సోమవారం పొద్దున పదిన్నర. అమీర్‌పేటలో ఒక మ్యాన్‌పవర్ ఆఫీసు. బయట బెంచీల మీద కొత్తగా చేరడానికి వచ్చిన సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్ వాళ్ళు పాతికమంది దాకా కూర్చున్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. అందులో ఆధార్ జిరాక్స్, బ్యాంకు పాస్‌బుక్, రెండు ఫోటోలు, ఉంటే టెన్త్ మెమో. లోపల డేటా ఎంట్రీ చేసే అమ్మాయి ముందు ఒకటే పొడవాటి పేజీ, అరవైకి పైగా గడులు. నేను ఆమె చేతులే చూస్తూ కూర్చున్నాను. ఆధార్ తీసింది, పేరు కొట్టింది, పక్కన పెట్టింది. పేరు కింద గడి జీతం పడే ఖాతా కాబట్టి పాస్‌బుక్ తీసింది. ఆ కింద పుట్టిన తేదీ, మళ్ళీ ఆధార్. తర్వాత చదువు, మెమో. తర్వాత అడ్రసు, మళ్ళీ ఆధార్. ఒక్క మనిషికి ఆ జిరాక్స్ ఐదుసార్లు చేతిలోకి వచ్చి వెళ్ళింది. చివర్లో సబ్మిట్ నొక్కితే పైన ఎక్కడో ఎర్రగీత.

“ఒక్కటి తప్పైతే మొత్తం మళ్ల ఎతుకుడే సార్” అంది ఆ అమ్మాయి, నా వైపు చూడకుండా.

ఆ ఫారం చేసింది నేనే. జీతాల సాఫ్ట్‌వేర్‌లో కాలమ్స్ ఏ వరుసలో ఉన్నాయో అదే వరుసలో గడులు పేర్చాను. నాకు అది సులువు. ఆమెకి రోజంతా కాగితాలు తిరగేయడం. దాన్ని విప్పి స్టెప్పులుగా, అంటే ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకునే చిన్న పేజీలుగా, మళ్ళీ కట్టినప్పుడు నేర్చుకున్నదే ఇక్కడ చెప్తున్నాను. మీ ఆఫీసులో నింపేది స్టాకు లెక్కలో, విజిటర్ల వివరాలో, కొత్త ఉద్యోగుల జాయినింగో ఏదైనా పద్ధతి ఒకటే: కాగితం చేతికి వచ్చే వరుసలోనే ఫారం అడగాలి.

1. ఒక పూట పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి

ఫారం ఎలా ఉండాలని మేనేజర్ని అడిగితే చెప్తారు. కానీ ఆయన చెప్పేది రిపోర్టు ఎలా రావాలో. నింపేవాళ్ళ పక్కన కూర్చుంటేగానీ ఫారం సంగతి తెలియదు. ఒక నోట్‌బుక్‌లో మూడు నిలువు గీతలు గీసుకోండి. చేతిలో ఏ కాగితం ఉంది, ఏ గడి నింపుతున్నారు, ఎక్కడ ఆగి ఎవర్ని అడిగారు. మూడోదే అసలు సరుకు.

నేను కూర్చున్న పూట ప్రతి మనిషి దగ్గరా ‘బ్లడ్ గ్రూప్’ గడి వచ్చేసరికి ఆపరేటర్ బయటికి కేకేసి అడిగేది. సగంమందికి తెలియదు. గడి ఖాళీగా ఉంటే ఫారం ముందుకు పోదు. అందుకని తెలియని వాళ్ళందరికీ ఓ పాజిటివ్ వేసేసేది. అది ఐడీ కార్డు మీద అచ్చవుతుంది. రేపు ఎవరికైనా యాక్సిడెంట్ అయితే ఆ కార్డు చూసే కదా నమ్మేది! తప్పు ఆ అమ్మాయిది కాదు, ‘తెలియదు’ అనే జవాబు ఇవ్వని నా ఫారానిది. తప్పనిసరి అని చుక్క పెట్టే ప్రతి గడి దగ్గరా ఈ ప్రశ్న వేసుకోండి: నిజంగా తెలియకపోతే వీళ్ళు ఏం కొడతారు?

ఇంకోటి, మానిటర్ చుట్టూ అంటించిన పసుపు చీటీలు చదవండి. ‘పీఎఫ్ నంబర్ లేకపోతే 12 సున్నాలు’, ‘స్లాష్ కొట్టొద్దు’, ‘పేరు 30 అక్షరాలు దాటొద్దు’. ఫారంలో ఉండాల్సిన ఒక సూచన, లేదా పోవాల్సిన ఒక అడ్డంకి, ఒక్కో చీటీలో ఉంటుంది. ఫోటో తీసుకుని రండి.

2. గడులు కొట్టేయండి

స్టెప్పులుగా విడగొట్టడానికి ముందే ఈ పని చేయాలి. అరవై ప్రశ్నల్ని ఆరు పేజీలకి సర్దితే అవి అరవై ప్రశ్నలుగానే ఉంటాయి. ఒక్కో గడి మీద వేలు పెట్టి అడగండి: ఈ జవాబు ఎవరు వాడతారు, దేనికి? “ఎప్పుడైనా పనికొస్తుందేమో” అన్న జవాబు వస్తే కొట్టేయండి.

ఒక జవాబులోంచి ఇంకో జవాబు వచ్చే చోట రెండోది అడగడం దండగ. పుట్టిన తేదీ ఉంటే వయసు అడగక్కర్లేదు. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఉంటే బ్యాంకు పేరు, బ్రాంచి దానంతటదే రావాలి. వ్యాపారుల వివరాలు ఎక్కించే ఫారం అయితే 15 అక్షరాల జీఎస్‌టీ నంబర్ ఒక్కటి చాలు. మొదటి రెండంకెలు రాష్ట్రం, తెలంగాణ అయితే 36, ఆంధ్రప్రదేశ్ అయితే 37. ఆ తర్వాతి పది అక్షరాలు ఆ వ్యాపారి పాన్. జీఎస్‌టీ నంబర్ తీసుకుని, కింద మళ్ళీ పాన్ ఎంత, రాష్ట్రం ఏది అని అడిగే ఫారాలు నేను లెక్కలేనన్ని చూశాను.

అరవైలోంచి మాకు ముప్ఫై ఎనిమిది మిగిలాయి.

3. ఒక కాగితానికి ఒక స్టెప్పు

ఇప్పుడు మిగిలిన గడుల్ని చిన్న చీటీల మీద రాసి, అసలు కాగితాల మీద పెట్టండి. ఆధార్ చూసి నింపేవన్నీ ఆధార్ మీద, పాస్‌బుక్‌వి పాస్‌బుక్ మీద. ఏ కాగితం మీదా కూర్చోనివి కొన్ని మిగులుతాయి: ఫోన్ నంబర్, ఎమర్జెన్సీకి ఎవర్ని పిలవాలి, యూనిఫాం సైజు. అవి మనిషిని అడిగి రాయాల్సినవి. వాటిని ఒకచోట చేర్చండి. అప్పుడు ఆపరేటర్ ఒక్కసారే పిలిచి అన్నీ అడిగేస్తుంది. మా ఫారం చివరికి ఇలా తేలింది: ఆధార్, బ్యాంకు, పాత ఉద్యోగం, మనిషిని అడిగేవి, డ్యూటీ, సరిచూడటం.

స్టెప్పులకి ఆ పేర్లే పెట్టండి. ‘వ్యక్తిగత వివరములు – భాగం బి’ లాంటివి ఎవరికీ అర్థం కావు. పైన ‘బ్యాంకు పాస్‌బుక్’ అని కనిపిస్తే చెయ్యి దానంతటదే పాస్‌బుక్ మీదికి పోతుంది. ‘45 శాతం పూర్తయింది’ అని సాగే గీత కన్నా ఈ పేర్ల వరుస మేలు. జవాబును బట్టి దారి చీలే ఫారంలో ఆ శాతం ఎలాగూ అబద్ధమే.

ఇక్కడ ఒక మాట. ఫారాల గురించి చదివితే పేజీకి ఒక్కటే విషయం అడగమని చెప్పే బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ల పద్ధతి మీకు తప్పక కనిపిస్తుంది. అది మంచి పద్ధతే. కానీ అది జన్మకోసారి ఆ ఫారం నింపే పౌరుడి కోసం. మన ఆపరేటర్ రోజుకి పాతికసార్లు నింపుతుంది. ఆమెకి ముప్ఫై ఎనిమిది పేజీలు ఇస్తే ‘నెక్స్ట్’ నొక్కీ నొక్కీ మణికట్టు పోతుంది. నేను వాడే లెక్క ఇది: రోజూ కంప్యూటర్ ముందు కూర్చుని నింపేవాళ్ళకి స్టెప్పుకి ఆరు నుంచి ఎనిమిది గడులు, స్క్రోల్ చేయకుండా ఒక తెరలో పట్టేటన్ని. ఎప్పుడో ఒకసారి ఫోన్లో నింపే సైట్ సూపర్‌వైజర్‌కి ఒకటి లేదా రెండు. ఇద్దరికీ ఒకే ఫారం ఇవ్వాలని పట్టుబట్టకండి.

4. దారి చీలే చోట

స్టెప్పుల ఫారం అసలు లాభం ఇక్కడే ఉంది. అవసరం లేని ప్రశ్న కనిపించదు. ‘ఇంతకుముందు ఎక్కడైనా పీఎఫ్ కట్టారా?’ కాదంటే పాత ఉద్యోగం స్టెప్పు మొత్తం దాటేయాలి. అవునంటేనే యూఏఎన్, అంటే పీఎఫ్ కోసం ఉద్యోగికి ఇచ్చే నంబర్, అడగాలి.

చీలికని నిర్ణయించే పని ఆపరేటర్ మీద పెట్టకండి. ఉద్యోగుల వైద్య బీమా, ఈఎస్‌ఐ సంగతే చూడండి. నెల జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్‌ఐ కిందికి వస్తారు, అప్పుడు కుటుంబ సభ్యుల వివరాలు కావాలి. మా పాత ఫారంలో ‘ఈఎస్‌ఐ వర్తిస్తుందా?’ అని ఒక గడి ఉండేది. ఎవరికి వారు తోచింది కొట్టేవారు. జీతం అడిగితే చాలు, మిగతాది ఫారం తేల్చుకుంటుంది. అయితే ఆ 21,000 అంకెని ఫారం లోపల ఎక్కడో పాతేయకుండా మార్చుకునే చోట పెట్టండి. 2017 జనవరికి ముందు ఆ పరిమితి 15,000. రేపు మళ్ళీ మారొచ్చు.

చీలికల్లో దొంగదెబ్బ ఒకటుంది. ఆపరేటర్ ముందు ‘అవును’ కొట్టి యూఏఎన్ నింపింది. తర్వాత వెనక్కి వచ్చి ‘కాదు’ అని మార్చింది. తెర మీద యూఏఎన్ గడి మాయమైంది, కానీ నింపిన నంబర్ లోపల అలాగే ఉండిపోయి డేటాలోకి ఎక్కింది. దారి మారినప్పుడు పాత దారిలోని జవాబుల్ని ఏం చేయాలో ముందే తేల్చుకోండి. నేనైతే సబ్మిట్ అయ్యేదాకా దాచి ఉంచుతాను, పొరపాటున మార్చి ఉంటే తిరిగి రావాలి కదా. సబ్మిట్ అప్పుడు మాత్రం, కనిపించని గడి ఏదైనా ఖాళీగానే వెళ్ళాలి.

గూగుల్ ఫారమ్స్‌తో చేసుకునేవాళ్ళకి: సెక్షన్లు పెట్టి, జవాబును బట్టి వేరే సెక్షన్‌కి పంపే ఏర్పాటు అందులో ఉంది. ఒక్క జవాబే ఎంచుకునే ప్రశ్నలకీ డ్రాప్‌డౌన్‌కీ మాత్రమే అది పనిచేస్తుంది, చెక్‌బాక్సులకి పనిచేయదు. ఫైల్ అప్‌లోడ్ గడి పెడితే నింపేవాళ్ళు గూగుల్ ఖాతాతో లాగిన్ కావాల్సిందే. సైట్‌లో ఉన్న సూపర్‌వైజర్‌కి అది గుర్తుండకపోతే ఫోన్లు మీకే వస్తాయి.

5. గడులు: మన పేర్లు, మన నంబర్లు, మన అడ్రసులు

ఎక్కువ తప్పులు పుట్టేది ఇక్కడే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

పేరు. ‘ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్, లాస్ట్ నేమ్’ అని మూడు గడులు పెట్టకండి. మనకి ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ చాలాసార్లు ఒక పొడి అక్షరమే. ‘కె. వెంకటలక్ష్మి’లో లాస్ట్ నేమ్ ఏది? ఒక ఆపరేటర్ కె అంటుంది, ఇంకొకరు లక్ష్మి అంటారు. పాతబస్తీ నుంచి వచ్చిన వాళ్ళ ఆధార్‌లో మహ్మద్ అని పూర్తిగా, పాస్‌బుక్‌లో నాలుగక్షరాలకి కుదించి ఉంటుంది. ఒకే గడి పెట్టి ‘ఆధార్‌లో ఉన్నట్టు పేరు’ అనండి. బ్యాంకు స్టెప్పులో ‘పాస్‌బుక్‌లో ఉన్నట్టు పేరు’ అని ఇంకో గడి. రెండూ తేడాగా ఉంటే ఆపకండి, గుర్తు పెట్టి ముందుకి పోనివ్వండి. ఒకే అక్షరం ఉన్న పేరునీ చుక్క ఉన్న పేరునీ ఒప్పుకోండి.

పుట్టిన తేదీ. క్యాలెండర్ బొమ్మ పెడితే 1983కి వెళ్ళడానికి ఎన్నిసార్లు నొక్కాలో మీరే ఒకసారి ప్రయత్నించండి. రోజు, నెల, సంవత్సరం అని మూడు చిన్న గడులు చాలు. కొన్ని పాత ఆధార్ కార్డుల్లో పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంటుంది. ‘ఆధార్‌లో సంవత్సరమే ఉంది’ అని ఒక టిక్కు పెట్టి, అది కొడితే టెన్త్ మెమోలాంటి ఇంకో రుజువు అడగండి. లేకపోతే ఆఫీసులో సగంమంది జనవరి 1న పుట్టినట్టు తేలుతుంది.

ఆధార్, యూఏఎన్. రెండూ 12 అంకెలే. రెండూ ఒకే పేజీలో ఉంటే ఒకదాంట్లో ఒకటి పడటం ఖాయం. వీటిని వేరుచేయడానికి ఒక చిన్న కిటుకు ఉంది. ఆధార్ ఎప్పుడూ 0తోగానీ 1తోగానీ మొదలవదు. యూఏఎన్ మామూలుగా 10తో మొదలవుతుంది. ఆధార్ గడిలో 1తో మొదలైన నంబర్ పడితే ‘ఇది యూఏఎన్ కావచ్చు, ఒకసారి చూడండి’ అని చెప్పేయొచ్చు. సొంతంగా ఫారం రాసుకునే డెవలపర్ ఉంటే ఇంకా మంచిది. ఆధార్ చివరి అంకె వెర్‌హోఫ్ పద్ధతిలో లెక్కకట్టిన తనిఖీ అంకె. ఏదైనా ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా ఆ లెక్క పట్టేస్తుంది. డేటా ఎంట్రీలో చేతులు చేసే తప్పులు ఎక్కువగా ఈ రెండే. నాలుగేసి అంకెల మధ్య ఖాళీతో కొట్టినా ఒప్పుకోండి. ఆ ఖాళీలు తీసేసుకోవడం ఫారం పని.

పాన్. ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, ఒక అక్షరం. నాలుగో అక్షరం మనిషికైతే పి, కంపెనీకైతే సి. ఉద్యోగి పాన్‌లో నాలుగోది పి కాకపోతే ఎక్కడో ఏదో తేడా ఉన్నట్టే. చిన్న అక్షరాల్లో కొడితే పెద్దవిగా మార్చుకోండి, కసరకండి.

ఐఎఫ్‌ఎస్‌సీ. 11 అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా. అక్కడ ఇంగ్లీషు అక్షరం ఓ కొట్టేవాళ్ళు చాలామంది. అది సున్నా తప్ప ఇంకోటి కాదని తెలిసినప్పుడు ఫారమే దిద్దుకోవచ్చు. మన దగ్గర ఇంకో చిక్కు పాత పాస్‌బుక్కులు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్‌లో ఎస్‌బీఐలో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు అప్పుడే కెనరా బ్యాంకులో కలిశాయి. ఆ పాస్‌బుక్కులు ఇంకా బీరువాల్లోంచి వస్తూనే ఉంటాయి, వాటి మీద పాత కోడ్లే ఉంటాయి. ‘కోడ్ తప్పు’ అంటే ఆపరేటర్ నాలుగుసార్లు మళ్ళీ కొట్టి చూస్తుంది, కాగితం మీద ఉన్నది అదే మరి. ‘ఇది ఆంధ్రా బ్యాంకు పాత కోడ్. యూనియన్ బ్యాంకు కొత్త కోడ్ కావాలి’ అని చెప్పగలిగితే ఆ టెన్షన్ ఉండదు.

ఖాతా నంబర్. రెండుసార్లు కొట్టమంటే రెండోసారి కాపీ పేస్ట్ చేస్తారు. పేస్ట్ ఆపేస్తే తిట్టుకుంటూ కొడతారు. దాని బదులు, కొట్టిన నంబర్‌ని గడి కిందే పెద్ద అక్షరాల్లో నాలుగేసి అంకెలుగా విడగొట్టి చూపించండి, పాస్‌బుక్ పక్కన పెట్టి కళ్ళతో పోల్చుకునేలా. వీలుంటే ఒక్క రూపాయి పంపి, ఖాతాదారు పేరు తెప్పించుకుని చూసుకోవడం అన్నిటికన్నా నమ్మకం.

అడ్రసు. హైదరాబాద్ ఇంటి నంబర్లలో గీతలూ స్లాషులూ అక్షరాలూ అన్నీ ఉంటాయి. వాటిని ఒప్పుకోని గడి మన ఊరికి పనికిరాదు. ‘గుర్తు’ అని ఒక గడి తప్పక ఇవ్వండి. ఫలానా గుడి వెనక, ఫలానా ఫంక్షన్ హాల్ ఎదురుగా అనేదే అడ్రసులో నిజంగా పనికొచ్చే ముక్క. జిల్లా డ్రాప్‌డౌన్‌తో జాగ్రత్త. తెలంగాణలో 2014లో 10 జిల్లాలు, 2016 దసరాకి 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 ఉన్నవి 2022 ఏప్రిల్లో 26 చేశారు. ములుగు నుంచి వచ్చిన మనిషి పాత ఆధార్ మీద వరంగల్ అని ఉంటుంది. ఆపరేటర్ ఏది ఎంచుకోవాలి? పిన్‌కోడ్ ముందు అడిగి, దాన్నిబట్టి ఊళ్ళ జాబితా చూపించండి. జిల్లా నిజంగా కావాలంటే ఆ ఊరిని బట్టి లోపలే తీసుకోండి.

ప్రస్తుత అడ్రసు, శాశ్వత అడ్రసు రెండూ కావాలంటే ‘రెండూ ఒకటే’ అని టిక్కు పెట్టండి. ఒకసారి ఇచ్చిన సమాచారాన్ని అదే పనిలో మళ్ళీ కొట్టించకూడదన్నది ఇప్పుడు వెబ్ ప్రమాణాల్లోనే ఉంది. వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాల్లో, 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2లో ఆ నియమం చేర్చారు.

బండి నంబర్. పార్కింగ్ పాస్ కోసం అడుగుతారు. 2014 దాకా ఏపీ, తర్వాత టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ. మూడూ రోడ్ల మీద తిరుగుతున్నాయి, మూడూ చెల్లుతాయి. వేరే రాష్ట్రాల బండ్లు ఉంటాయి. అంకెలతో మొదలయ్యే బీహెచ్ సిరీస్ ఉంటుంది. ఈ గడిని ఎక్కువ బిగించకండి.

6. తప్పు చెప్పే తీరు

‘ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్’ అని ఎర్రగా చూపిస్తే ఆపరేటర్‌కి తెలిసేది ఒక్కటే, తిట్టారని. ఏం తప్పో, ఏం చేయాలో చెప్పండి. ‘ఆధార్‌లో 12 అంకెలు ఉండాలి, ఇక్కడ 11 ఉన్నాయి’ అంటే సరిపోయింది. ఈ మాట ఆ గడి కిందే ఉండాలి, పేజీ నెత్తిన కాదు. కొడుతూ ఉండగా చెప్పకండి. మూడో అంకె దగ్గరే ‘12 ఉండాలి’ అని అరిస్తే ఎలా? గడి దాటి బయటికి వెళ్ళాక చెప్పండి. తప్పు ఉందని మిగతా గడుల్ని తుడిచేయడం మాత్రం క్షమించరానిది.

ఆపేసే తప్పులు, అడిగి వదిలేసే తప్పులు వేరు. ఆధార్‌లో అంకె తక్కువైతే ఆపండి. వయసు 61 వస్తే ‘సరేనా?’ అని అడిగి పోనివ్వండి. అన్నిటికీ ఆపే ఫారాన్ని దాటడానికి మనుషులు 12 సున్నాలు కనిపెడతారు. పసుపు చీటీ గుర్తుందిగా.

7. నెక్స్ట్ నొక్కగానే సేవ్ కావాలి

వానాకాలం సాయంత్రం కరెంటు ఒకసారి మిణుక్కుమంటుంది, రౌటర్ ఆగి మళ్ళీ ఆన్ అవుతుంది. ఐదో స్టెప్పులో ఉన్న మనిషి మొదటికి రాకూడదు. ‘నెక్స్ట్’ నొక్కినప్పుడల్లా ఆ స్టెప్పు సర్వర్‌లోకి వెళ్ళిపోవాలి. మొదటి తెర మీద ‘సగంలో ఉన్నవి’ అని పేర్ల జాబితా పెట్టండి. ఒకరి పాస్‌బుక్ ఇంటి దగ్గర ఉండిపోతుంది, తేవడానికి వెళ్తారు. ఈలోగా ఆపరేటర్ తర్వాతి మనిషిని మొదలుపెట్టగలగాలి. గూగుల్ ఫారమ్స్‌లో ఖాతాతో లాగిన్ అయి ఉంటే నింపినంతవరకు డ్రాఫ్ట్‌గా 30 రోజులు ఉంటుంది. కానీ ఒకే ఫారంలో నలుగురివి సగంసగం పెట్టుకోవడానికి అది పనికిరాదు.

ఆ మనిషి వివరాలు ఇప్పటికే ఉన్నాయా లేదా అనేది మొదటి స్టెప్పులోనే, ఆధార్ కొట్టగానే చూడండి. అంతా నింపాక ‘ఇతను ఇప్పటికే ఉన్నాడు’ అంటే నింపడానికి పట్టిన ఏడు నిమిషాలు ఎవరిస్తారు? సబ్మిట్ బటన్ ఒకసారి నొక్కగానే పనిచేయకుండా చేయండి. నెట్ నెమ్మదిగా ఉంటే అందరూ రెండోసారి నొక్కుతారు.

8. కీబోర్డు, ఫోను

అలవాటైన ఆపరేటర్ మౌస్ ముట్టుకోదు. స్టెప్పు తెరుచుకోగానే కర్సర్ మొదటి గడిలో ఉండాలి. ట్యాబ్ నొక్కితే కాగితం మీద ఉన్న వరుసలోనే కదలాలి. తప్పు ఉంటే కర్సర్ ఆ గడికే పోవాలి. ఫోన్లో అంకెల గడి ముట్టుకుంటే అంకెల కీబోర్డే రావాలి. దీనికి డెవలపర్లు ‘నంబర్’ రకం గడి పెట్టేస్తారు. అది లెక్కపెట్టే సంఖ్యలకి, ఆధార్‌కీ ఖాతాకీ కాదు. కొన్ని బ్రౌజర్లలో మౌస్ చక్రం కదిలితే చాలు, నంబర్ ఒకటి పెరుగుతుంది. మామూలు టెక్స్ట్ గడికే అంకెల కీబోర్డు వచ్చేలా చెప్పొచ్చు, మీ డెవలపర్ని అడగండి.

9. సరిచూసే పేజీ

చివరి స్టెప్పులో అన్ని జవాబులూ కాగితాల వరుసలోనే చూపించండి, ఒక్కోదాని పక్కన ‘మార్చు’ అని. మార్చాక నేరుగా ఈ పేజీకే తిరిగి రావాలి, మధ్యలో స్టెప్పులన్నీ మళ్ళీ నడిపించొద్దు. డబ్బుతో ముడిపడిన రెండు మూడు గడులు పెద్దగా కనిపించాలి. వీలుంటే ఈ ఒక్క తెరని బెంచీ మీద మనిషికి తిప్పి చూపించండి. లేబుళ్ళు తెలుగులో, అవసరమైతే హిందీలో, ఉర్దూలో ఉంటే ఆయనే చూసి “నా ఊరి పేరు తప్పు పడింది” అని చెప్తారు. మా దగ్గర అలా దొరికిన తప్పులు ఆపరేటర్ కంటికి ఎప్పటికీ దొరికేవి కావు.

10. ఎక్సెల్‌లోకి దించేటప్పుడు

ఇంత జాగ్రత్తగా తీసుకున్న డేటాని చెడగొట్టేది తరచుగా ఆఖరి మెట్టే. ఎక్సెల్ సంఖ్యల్లో 15 అంకెలవరకే నిలుపుతుంది. 16 అంకెల ఖాతా నంబర్ సంఖ్యగా పడితే చివరి అంకె సున్నా అయిపోతుంది, ఎవరికీ చెప్పకుండా. ముందున్న సున్నాలు రాలిపోతాయి. ఒకసారి మా పక్కింటి ఆఫీసులో కొందరి జీతాలు రెండు రోజులు ఆగడానికి కారణం ఇదే. ఆధార్, ఖాతా, యూఏఎన్, ఫోన్ కాలమ్స్‌ని టెక్స్ట్‌గానే దించండి. ఫైలు రెండుసార్లు నొక్కి తెరవకుండా, ఇంపోర్ట్ చేసి కాలమ్ రకం ఎంచుకోవడం అకౌంట్స్ వాళ్ళకి నేర్పండి.

ఆ ఫైలు వాట్సాప్ గ్రూపుల్లో తిరగకూడదని వేరే చెప్పక్కర్లేదు. ఆధార్ చివరి నాలుగంకెలు చాలిన చోట మిగతావి కనిపించకుండా పెట్టండి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. సమ్మతి అడిగే నోటీసుని ఇంగ్లీషులోగానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో దేంట్లోనైనాగానీ చదువుకునే వీలు ఉండాలని అందులో ఉంది. తెలుగు, ఉర్దూ రెండూ ఆ షెడ్యూలులో ఉన్నవే.

11. ఒక్క రోజు నడిపి చూడండి

కొత్త ఫారాన్ని అందరికీ ఒకేసారి ఇవ్వకండి. ఇద్దరు ఆపరేటర్లు ఉంటే ఒకరికి కొత్తది, ఒకరికి పాతది ఇచ్చి, మీరు మళ్ళీ అదే కుర్చీలో కూర్చోండి. నోట్‌బుక్‌లో అవే మూడు గీతలు. ఏ స్టెప్పులో ఎక్కువసేపు ఆగుతున్నారో చూడండి.

మేం నడిపిన రోజు ఆ అమ్మాయి చేతిలోకి ఆధార్ జిరాక్స్ ఒక్కో మనిషికి ఒక్కసారే వచ్చింది. పదకొండు దాకా బాగానే సాగింది. ఆ తర్వాత ‘సగంలో ఉన్నవి’ జాబితా పెరగడం మొదలైంది. పెరిగిన ప్రతి పేరూ మొదటి స్టెప్పులోనే ఆగి ఉంది. ఏమైందని చూస్తే, ఆధార్ మీద ఫోటో ఉంది కదా అని ఫోటో అప్‌లోడ్‌ని ఆ స్టెప్పులోనే పెట్టాను. వాళ్ళు ఐడీ కార్డుకి ఫోటో తీసేది పక్క గదిలో, యూనిఫాం ఇచ్చాక.

“ఫోటో ఆఖరికి వస్తది సార్, మీకు ఎవరూ చెప్పలే?” అంది. మధ్యాహ్నం భోజనాల టైములో దాన్ని డ్యూటీ స్టెప్పులోకి మార్చాను.